తోకసీటు

సోమవారం విమానం బయల్దేరే ముందు కుంపటి చేసే ఆఖరి పని, రబ్బరు సంచీలో వేడినీళ్ళు పోసి, బిరడా బిగించి, తువ్వాలులో చుట్టి తోకసీటు మీద పెట్టడం. మిగతా నాలుగు సీట్లకూ ఆ మర్యాద లేదు. తోకసీటులో కూర్చునేది ఆయన భార్య.

కుంపటి అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. కొండ కింద ఉన్న ఆ చిన్న విమానాల మైదానంలో మెకానిక్కు ఆయనొక్కడే. చలికాలంలో విమానాన్ని వెచ్చబెట్టడం కూడా ఆయన పనే. ఒకసారి గడ్డ కట్టే చలిలో వచ్చిన పైలటెవరో విమానం ఎక్కగానే చేతులు రుద్దుకుంటూ, ఇది విమానమా కుంపటా అన్నాడు. ఆ మాట మనిషికి అంటుకుపోయింది. ఇప్పుడు జీతాలిచ్చే గుమాస్తా కూడా కుంపటి గారూ అనే పిలుస్తాడు. మొదట్లో ఉడుక్కున్నాడు కానీ, తర్వాత తర్వాత ఆ పేరు వినబడితే కాస్త నిటారుగా నిలబడటం అలవాటైంది.

పైలటుతో కలిపి ఐదుగురు పట్టే విమానం అది. పైలటు, పక్కన ఒకరు, మధ్యలో ఇద్దరు, వాళ్ళ వెనక సామాన్ల వలకు ఆనుకుని ఒంటరిగా ఒక సీటు. కొండ అవతలి ఊరికి ఎండాకాలంలో బస్సు నడుస్తుంది. మంచు పడి కనుమ మూసుకుపోయాక ఈ విమానం తప్ప వేరే దిక్కు లేదు. అవతలి ఊరి ఆస్పత్రిలో కుంపటి భార్య పెద్ద నర్సు. సోమవారం పొద్దున వెళ్తుంది, శనివారం మధ్యాహ్నం వస్తుంది. ఏడాది పొడుగునా అదే వరస. కాకపోతే ఎండాకాలంలో ఆమెను బస్సు తీసుకెళ్తుంది, చలికాలంలో మొగుడు వెచ్చబెట్టిన విమానం తీసుకెళ్తుంది.

ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది టికెట్లావిడ. ఆవిడ కౌంటరు పక్కన బస్తాలు తూచే కాటా ఒకటుంటుంది. ప్రయాణికులు చేతిసంచీతో సహా దాని మీద నిలబడాలి. బరువైనవాళ్ళు ముందుకు, తేలికైనవాళ్ళు వెనక్కి. తోక బరువెక్కితే విమానం మాట వినదు. అందుకే మైదానంలో అందరూ ఆవిడను తూకమ్మ అంటారు. నర్సుది పిట్టంత శరీరం. ఏ వారం చూసినా తోకసీటు ఆమెకే రాసిపెట్టినట్టు వచ్చేది.

"ఇంకో పది కిలోలు పెరిగితే ముందు సీటిస్తావా?" అని ఆమె అడిగేది.

"ముందు పెరిగి చూపించు వదినా. సీటు దులిపి ఉంచుతా" అనేది తూకమ్మ.

విమానాన్ని వెచ్చబెట్టడం పొయ్యి రాజేసినంత తేలిక కాదు. మంచులో నిలబడ్డ ఇంజన్లో నూనె పాకంలా చిక్కబడిపోతుంది. కుంపటి అందరికంటే ముందు వచ్చి, ఇంజన్ మీద కప్పిన మందపాటి దుప్పటి కిందికి వేడిగాలి గొట్టం దూరుస్తాడు. క్యాబిన్లో కరెంటు హీటరు పెడతాడు. అదంతా నేల మీది సంగతి. గాల్లోకి లేచాక వేడి ఇచ్చేది ఇంజనే. పొగ బయటికి పోయే గొట్టం చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. బయటి గాలి ఆ తొడుగులో దూరి, కాలిన గొట్టాన్ని రాసుకుంటూ వేడెక్కి, పైలటు కాళ్ళ దగ్గర క్యాబిన్లోకి వస్తుంది. గొట్టానికి వెంట్రుకంత చీలిక వచ్చినా గాలితో పాటు పొగ కూడా వచ్చేస్తుంది. అందులో ఉండే విషానికి వాసన ఉండదు, మనిషిని నిద్రపుచ్చి చంపుతుంది. అందుకని కుంపటి వారం వారం తొడుగు విప్పి, గొట్టంలోకి గాలి కొట్టించి, సబ్బునీళ్ళు పూసి, బుడగలేమన్నా లేస్తాయేమోనని ముక్కు ఆనించినంత దగ్గరగా చూస్తాడు. పైలటు ముందున్న బల్లకు విషం సోకితే నల్లబడే చిన్న అట్టముక్క ఒకటి అంటించాడు. అది ఎప్పుడూ నల్లబడలేదు. పనిలో ఆయనకు వంక పెట్టినవాళ్ళు లేరు.

భార్య చలికాలంలో వెళ్ళిరావడం మొదలుపెట్టిన ఏడాది, కాళ్ళు కొంకర్లు పోయాయని ఒక శనివారం అంది. ఒక్కసారే అంది. మర్నాడే కుంపటి వెళ్ళి, షెడ్డు ముందు నిలబడ్డ విమానంలో తోకసీటు కింద చెయ్యి పెట్టి చూశాడు. నేలలో అరచేతంత జాలీ ఉంది. అందులోంచి చలిగాలి రివ్వున తగిలింది. దొంగ దొరికాడనుకున్నాడు. ఇంటికెళ్ళి ఆమె పాత శాలువాలోంచి ఒక ముక్క చింపి, స్పాంజీకి చుట్టి, జాలీలో గట్టిగా కుక్కి, పైన టేపు వేశాడు. విమానం తయారుచేసినవాళ్ళు ఆ జాలీ ఎందుకు పెట్టారో ఆలోచించలేదు. చలి దూరే కన్నం కనబడితే మూసెయ్యాలన్నది ఆయన పద్ధతి. ఇంట్లో కూడా అంతే. వంటింట్లో ఇనప పొయ్యి వెలిగించినప్పుడల్లా భార్య కిటికీ బెత్తెడు తెరిచి పెట్టేది. పొయ్యికి ఊపిరాడొద్దా అనేది. ఆమె అటు తిరగగానే ఈయన మూసేవాడు. వేడంతా వీధిపాలు చేస్తోందని గొణిగేవాడు. ఆ తగువు పెళ్ళయినప్పటి నుంచీ ఉంది, ఎవరూ గెలవలేదు.

జాలీ మూసిన మరుసటి ఏడాది తలుపుకు కొత్త రబ్బరు పట్టీ బిగించాడు. ఆ పై ఏడాది కిటికీ అంచులన్నిటికీ టేపు, నేల మీద మందపాటి తివాచీ. ఏటికేడు క్యాబిన్ మూత బిగించిన డబ్బాలా తయారైంది. పైలటు నడిమంచులో చొక్కా చేతులు మడుచుకుని నడిపేవాడు. పక్కసీటులో వచ్చిన ఆఫీసర్లు దిగుతూ కుంపటి భుజం తట్టేవాళ్ళు. ఎలా ఉందని భార్యను అడిగితే, బానే ఉందనేది. రోజూ మంచం పక్కన నిలబడి, బానే ఉంది అని రోగులు చెప్పే మాట వినడమే ఆమె ఉద్యోగం. ఆ మాట ఎప్పుడు ఎలా అంటే నమ్ముతారో ఆమెకు బాగా తెలుసు.

ఈ చలికాలం మొదట్లో ఒక సోమవారం, ఆమెను దింపి వచ్చిన పైలటు విమానం దిగి వెంటనే వెళ్ళిపోకుండా షెడ్డులోకి వచ్చాడు. నలభై దాటినవాడే అయినా కుంపటిని బాబాయ్ అంటాడు.

"బాబాయ్, పిన్ని నీకేమన్నా చెప్పిందా?"

"ఏం చెప్పాలి?"

పైలటు చెప్పాడు. ఆస్పత్రి మేడ మీద ఒక గది ఖాళీగా ఉందట, పిన్ని దాన్ని అడిగిందట, పై వారం నుంచి కనుమ తెరిచేదాకా అక్కడే ఉండిపోతుందట. పోయిన వారం దిగేటప్పుడు చలికి మొద్దుబారిన కాళ్ళు నేలకు ఆనక రెక్క పట్టుకుని నిలబడిందట. బాబాయికి చెప్పొద్దని తన చేత ఒట్టు వేయించుకుందట.

కుంపటికి తల కొట్టేసినట్టయింది. ఊళ్ళోవాళ్ళందరికీ తాను కుంపటి. సొంత పెళ్ళాం మాత్రం చలికి తట్టుకోలేక ఇల్లు మారుస్తోంది.

ఆ శనివారం ఆమె వచ్చింది. తనే చెబుతుందని రాత్రి భోజనాలదాకా చూశాడు. ఆదివారం మధ్యాహ్నందాకా చూశాడు. ఆమె పెట్టెలో మామూలుకన్నా ఎక్కువ బట్టలు సర్దుతోంది. వాటి మీద తన బొంత కూడా పెట్టేసరికి ఇంక ఆగలేకపోయాడు.

"సీటు చల్లగా ఉంటోందని నాతో అనలేకపోయావా?"

ఆమె తలెత్తలేదు. "అంటే ఏం చేస్తారు? ఇంకో టేపు వేస్తారు."

"వేస్తే?"

"మీరు టేపు వేసిన ప్రతి ఏడూ ఇంకాస్త చల్లబడుతోందండీ. నా ఒంటికే అలా అనిపిస్తోందేమోలే, వయసు రావడం లేదూ. మీరు అంత శ్రద్ధగా చేస్తుంటే ఏ నోటితో చెప్పను?"

"మరి కనుమ తెరిచేదాకా అంటే..."

"ఫోనుంది కదా" అంది.

ఫోనున్న మాట నిజమే. ఆ ఫోనులో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేదీ ఇద్దరికీ తెలుసు. తిన్నారా. తిన్నాను. అక్కడ మంచు పడుతోందా. పడుతోంది. ఆ తర్వాత ఇద్దరూ ఎదుటివాళ్ళు పెట్టేస్తారేమోనని కాసేపు ఊరుకుంటారు. ఇంట్లో అయితే మాట లేకపోయినా పరవాలేదు. పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడుంటుంది, కిటికీ తగువుంటుంది.

సోమవారం పెట్టెను, బొంతను విడిగా తూచారు. తూకమ్మ ఎప్పటిలా హాస్యమాడలేదు, త్వరగా వచ్చెయ్ వదినా అని మాత్రం అంది. కుంపటి వేడినీళ్ళ సంచీ తోకసీటు మీద పెట్టాడు. ఆమె దాన్ని ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. ఆయన తలుపు వేసి, రబ్బరు పట్టీ సరిగ్గా పట్టిందో లేదో వేలితో తడిమి చూసి, పక్కకి జరిగాడు.

ఆ వారం ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఒక్కడికి పొయ్యెందుకని షెడ్డులోనే రొట్టె, టీలతో సరిపెట్టుకున్నాడు. శనివారం మధ్యాహ్నం విమానం వచ్చే వేళకు, పనేమీ లేకపోయినా, కాళ్ళు వాటంతటవే అటు తీసుకెళ్ళాయి. తోకసీటులోంచి ఒక సర్వేయరు దిగాడు. బక్కపల్చటి మనిషి. దిగీ దిగగానే కాళ్ళు టపటపా నేలకేసి కొట్టి, ఎదురుగా నిలబడ్డది ఎవరో తెలియక మనసులో మాట అనేశాడు. "అదేం సీటండీ బాబూ, ఐసుపెట్టె. ముందువాళ్ళు చెమటలు కక్కుతున్నారు, నా కాళ్ళున్నాయో లేవో తెలియడం లేదు."

ఇంట్లో మనిషి అన్నేళ్ళు దాచిన మాట ముక్కూ మొహం తెలియనివాడు ఒక్క క్షణంలో అనేశాడు. కుంపటి క్షమించమని అడిగి, ఆయన పెట్టె అందించాడు. తర్వాత షెడ్డులో కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. అన్నేళ్ళలో ఆ సీటుకు తాను చేయని సేవ లేదు. కానీ విమానం గాల్లో ఉండగా ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. మరమ్మతు చేశాక ఎక్కి చూడాల్సి వస్తే పైలటు పక్కన కూర్చునేవాడు. అక్కడ ఎప్పుడూ వెచ్చగానే ఉండేది.

మంగళవారం విమానం ప్రయాణికులు లేకుండా ఉత్తరాల సంచులతో వెళ్తుంది. తోకసీటులో తాను వస్తానన్నాడు. తూకమ్మ ఆయన్ని కాటా ఎక్కించి, ముల్లు చూసి పెదవి విరిచింది.

"ఈ బరువుకి తోకసీటు రాదు అన్నయ్యా."

"ఆ సీటే కావాలి."

ఆవిడ ఒక్కసారి ఆయన మొహం చూసింది. ఉత్తరాల సంచులు మోయించి, తోక బరువుకు సరితూగేలా పైలటు పక్కన ఒకటి, మధ్య సీట్లలో రెండు కూర్చోబెట్టి బెల్టులు పెట్టించింది. ఈ రోజు వాటికి యోగం పట్టిందంది.

విమానం లేచిన కాసేపటికే కుంపటి బూట్లలో వేళ్ళు మొద్దుబారాయి. ముందు పైలటు పైకోటు విప్పి పక్కన పడేశాడు. ఇద్దరికీ మధ్య దూరం రెండు బారలు కూడా లేదు. చలి దూరే సందు ఎక్కడుందా అని తడిమాడు. తలుపు దగ్గర లేదు, కిటికీ దగ్గర లేదు, కాళ్ళ కింద లేదు. అన్నీ తాను బిగించినట్టే బిగిసి ఉన్నాయి. చలి ఎక్కడినుంచీ రావడం లేదు. ఊరికే ఉంది అక్కడ, ఎవరూ కదిలించని నీళ్ళలా.

మెడలో మఫ్లరు నుంచి ఒక ఉన్ని దారం లాగి మోకాలి ముందు పట్టుకున్నాడు. దారం చచ్చిన పాములా వేలాడింది. పైలటు దగ్గర మడిచిన మ్యాపు మూల మాత్రం వేడిగాలికి రెపరెపలాడుతోంది. హీటరు పూర్తిగా తెరవమన్నాడు. పైలటు తెరిచాడు. మ్యాపు ఇంకా ఎగిరింది, పైలటు మెడ మీద చెమట పట్టింది, దారం కదల్లేదు.

ముందు నుంచి గాలి వస్తోంది, వెనక్కి రావడం లేదు. వెనక ఉన్న గాలి జరిగితే కదా ఇది రావడానికి. జరగడానికి దానికి దారేది?

కుంపటికి అప్పుడు వంటింటి కిటికీ గుర్తొచ్చింది.

బెల్టు వదులు చేసుకుని, వంగి, సీటు కింద టేపు పీకాడు. స్పాంజీ బిగుసుకుపోయి ఉంది. రెండు వేళ్ళు దూర్చి లాగితే శాలువా ముక్కతో సహా ఊడొచ్చింది. నేల మీద చేతికి తగిలిన చలిగాలి మళ్ళీ తగులుతుందని అరచెయ్యి అడ్డం పెట్టాడు. చలిగాలి తగల్లేదు. అరచేతిని జాలీ తనవైపు పీల్చుకుంది. నేల మీద లోపలికి వీచే కన్నం గాల్లో బయటికి లాగుతోంది. దారం పట్టుకుంటే, అవతల ఎవరో కొస పట్టుకుని లాగుతున్నట్టు జాలీ వైపు ఒంగి బిగుసుకుంది.

కాసేపటికి మోకాళ్ళకు వెచ్చటి గాలి తగిలింది. మొదట ఊహేమో అనుకున్నాడు. తర్వాత పిక్కలకు తగిలింది, తర్వాత బూట్లకు. పైలటు పక్కన పడేసిన పైకోటు తీసుకుని భుజాల మీద వేసుకోవడం వెనక నుంచి చూశాడు. ముందున్న అట్టముక్క తీసిమ్మని అడిగి, దిగేదాకా దాన్ని తోకసీటు దగ్గర పట్టుకుని కూర్చున్నాడు. అది తెల్లగానే ఉంది. జాలీ పొగను లోపలికి లాగడం లేదు.

అవతల దిగాక, ఉత్తరాలు దింపి ఎక్కించుకునే లోపు వచ్చెయ్యమన్నాడు పైలటు. ఆస్పత్రి మైదానానికి ఎదురుగానే ఉంది. మెట్లెక్కి వెళ్తే గది తలుపు దగ్గరగా వేసి ఉంది. మంచం మీద ఆమె బొంత, గోడ పొడుగునా వేడినీళ్ళ గొట్టం, దాని మీద ఆరేసిన మేజోళ్ళు, బల్ల మీద బోర్లించిన ఒకే ఒక్క కప్పు. గది చక్కగా వెచ్చగా ఉంది. కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. ఆయన అలవాటు కొద్దీ మూయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఎవరో చెప్పినట్టున్నారు, ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముందు ఆయన కాళ్ళ వైపు చూసింది, తర్వాత మొహం వైపు.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. తోకసీటులో వచ్చా." జేబులోంచి స్పాంజీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నా శాలువా కదూ?"

"నీ సీటు కింద నేనే కుక్కా. అక్కణ్ణించే చలంతా అనుకున్నా. అది గాలి బయటికి పోయే దారి. నేను మూసేసరికి వేడి ముందే ఆగిపోయింది. తర్వాత చేసిందంతా దాన్ని ఇంకా బిగించడమే."

ఆమె స్పాంజీని అటూ ఇటూ తిప్పింది. తర్వాత ఒక్కసారి కిటికీ వైపు చూసింది. నేను చెబుతూనే ఉన్నాను కదండీ అని అంటుందనుకున్నాడు. అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

వచ్చెయ్ అందామని అంత దూరం వచ్చినవాడు, ఆ గదిలో నిలబడ్డాక అనలేకపోయాడు. ఇక్కడ మెట్లు దిగితే ఉద్యోగం. ప్రయాణం లేదు, మంచు లేదు, తూకం లేదు. ఆమె కూడా, కనుమ తెరిచేదాకా ఉంటానని ఆస్పత్రివాళ్ళకు మాటిచ్చేశానంది.

"ఉండు మరి. సీటు బాగైంది, అది చెబుదామనే వచ్చా" అన్నాడు.

ఆమె కాసేపు ఊరుకుంది. ఫోనులో ఊరుకున్నట్టే, అయితే ఈసారి ఎదురుగా.

"ఇంట్లో పొయ్యి వెలిగిస్తున్నారా?"

ఆయన స్పాంజీ తీసుకుని మళ్ళీ జేబులో కుక్కాడు.

"శనివారం వచ్చి చూస్తా" అందామె. "కాళ్ళు జివ్వుమంటే మాత్రం ఇంక ఈ ఊసెత్తకూడదు మీరు."

శనివారం పొగమంచు. కుంపటి తెల్లవారగానే పొయ్యి రాజేసి, పక్క దుప్పట్లు మార్చి, మైదానానికి వెళ్ళాడు. గాల్లో ఇంజన్ చప్పుడు వినబడుతుందేమోనని చెవులు రిక్కించి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. కంచె కూడా కనబడటం లేదు. మధ్యాహ్నం తూకమ్మ వచ్చి, ఈ రోజుకి లేదు అన్నయ్యా, లోపలికొచ్చి టీ తాగమంది. ఆయన ఇంటికెళ్ళేసరికి పొయ్యి చల్లారిపోయింది. సాయంత్రం ఫోను మోగింది. తిన్నారా అంది. తిన్నానన్నాడు. పొగమంచా అంది. పొగమంచన్నాడు. ఇద్దరూ చాలాసేపు పెట్టెయ్యలేదు.

ఆ వారమంతా పొద్దున లేవగానే ముందు ఆకాశం చూశాడు. మళ్ళీ శనివారానికి కొండ అంచు చాకుతో గీసినట్టు తేటగా కనబడింది. ఇంట్లోంచి బయల్దేరబోతూ పొయ్యిలో రెండు కట్టెలు వేసి, వంటింటి కిటికీ బెత్తెడు తెరిచి పెట్టాడు. ఎవరన్నా చూస్తున్నారేమోనని ఒకసారి అటూ ఇటూ చూసి తలుపు తాళం వేశాడు.

విమానం దిగింది. ముందు పైలటు దిగాడు, స్వెటరు వేసుకుని.

"పిన్ని కాళ్ళు వెచ్చబడ్డాయి, నా చొక్కా రోజులు పోయాయి బాబాయ్" అన్నాడు.

మధ్య సీట్లవాళ్ళు దిగారు. ఆఖర్న ఆమె దిగింది. రెక్క పట్టుకోలేదు. శాలువా మడిచి చేతి మీద వేసుకుంది. ఎలా ఉందని ఆయన అడగలేదు. బానే ఉందని ఆమె అనలేదు. గది మాత్రం వదల్లేదనీ, పొగమంచు వారాలకు ఉంచుకున్నాననీ చెప్పి, ఖాళీ అయిన వేడినీళ్ళ సంచీ ఆయన చేతిలో పెట్టి, తూకమ్మను పలకరించడానికి వెళ్ళింది.

కుంపటి క్యాబిన్లోకి ఎక్కి, వెనక్కి వంగి, ఈ వారమే తోకసీటు వీపుకు తాను కట్టిన థర్మామీటరు చూశాడు. పద్దెనిమిది డిగ్రీలు. సోమవారం విమానం ఎనిమిదింటికి. ఆయన ఆరింటికల్లా వచ్చి హీటరు పెట్టాలి.